పై ఆఫీసుకు చెడ్డ కబురు ఎవరు చెప్పాలి?

విదేశీ కంపెనీల్లో ఉద్యోగాలు, విదేశాల్లో మన వ్యాపారాలు, వాటిలో ఎదురయ్యే చిక్కుల గురించి రాయమంటే ఉత్తరాలు బాగా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాను. చాలామంది కోరినట్టే పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న: సార్, నేను గచ్చిబౌలిలో ఒక అమెరికన్ బ్యాంకు జీసీసీలో, అంటే ఆ బ్యాంకు తన పనుల కోసం ఇక్కడ పెట్టుకున్న సొంత ఆఫీసులో, పనిచేస్తున్నాను. హెచ్‌ఆర్ లెక్కలో నా మేనేజర్ హైదరాబాద్‌లోనే ఉంటారు, రోజూ పని చెప్పేది మాత్రం న్యూజెర్సీలో ఉన్న మేడమ్. ఈయన మాట వింటే ఆవిడకు కోపం, ఆవిడ మాట వింటే ఈయన రేటింగ్ కోసేస్తారు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని. దీన్ని మ్యాట్రిక్స్ అంటారట. ఎవరు కనిపెట్టారండీ దీన్ని, ఎందుకు?
— సీనియర్ అనలిస్ట్, హైదరాబాద్

జవాబు: ఒక్కరు కనిపెట్టింది కాదు. 1960లలో అమెరికాలో అంతరిక్ష, రక్షణ ప్రాజెక్టులు చేసే కంపెనీల్లో ఇది పాకింది. ఇంజనీరుకు తన విభాగంలో ఒక బాస్, ప్రాజెక్టులో ఇంకో బాస్ ఉండేవారు. తర్వాత చాలా దేశాల్లో వ్యాపారం చేసే కంపెనీలు దీన్ని అందుకున్నాయి, ఎందుకంటే వాటికి ఒక పాత తలనొప్పి ఉంది. దేశాలవారీగా అధికారం పంచితే ప్రతి దేశం మేనేజరూ తన సామ్రాజ్యం తాను కట్టుకుంటాడు, ఒకే సరుకు పది చోట్ల పది రకాలుగా తయారవుతుంది. అలా కాదని పగ్గాలన్నీ హెడ్డాఫీసు చేతిలో పెడితే అక్కడి చట్టం ఏంటో, అక్కడ కొనేవాడికి ఏం కావాలో ఎవరికీ పట్టదు. రెండూ కావాలనుకున్నారు, ఇద్దరు బాసులు వచ్చిపడ్డారు.

దీన్ని అందరికంటే గట్టిగా నమ్మింది ఏబీబీ. స్వీడన్ కంపెనీ ఏసియా, స్విట్జర్లాండ్ కంపెనీ బ్రౌన్ బోవరీ కలిసి 1988లో ఏర్పడిన కంపెనీ అది. దాని అధిపతి పర్సీ బార్నెవిక్ కంపెనీని దాదాపు 1,300 చిన్న కంపెనీలుగా, 5,000 లాభనష్టాల యూనిట్లుగా విడగొట్టాడు. ఉద్యోగులు 2 లక్షలకు పైనే, జ్యూరిక్ హెడ్డాఫీసులో మాత్రం 150 మంది వరకే. స్థానిక కంపెనీ నడిపే మనిషికి తన దేశంలో ఒక బాస్, తన సరుకుకు ప్రపంచం మొత్తానికి ఇంకో బాస్. అందరి లెక్కలూ నెలనెలా అబాకస్ అనే ఒకే రిపోర్టింగ్ వ్యవస్థలోకి వచ్చేవి, ఆఫీసు భాష ఇంగ్లీషు. చాలా ఏళ్ళు ప్రపంచమంతా దీన్ని మెచ్చుకుంది. 1998లో తర్వాతి అధిపతి యోరాన్ లిండాల్ ఆ మ్యాట్రిక్స్‌ను ఎత్తేశాడు. పద్ధతి పనికిమాలినదని నేను అనను. కానీ ఇద్దరు బాసులకు మాట పడనప్పుడు వెంటనే తేల్చే మూడో మనిషి ఉన్నచోటే అది నడుస్తుంది. చాలా ఆఫీసుల్లో ఆ మూడో మనిషి ఉండడు, తగువు కింది ఉద్యోగి నెత్తిన పడుతుంది. మీకు జరుగుతున్నది అదే.

మీరు చేయగలిగింది ఒకటుంది. ఇద్దరికీ విడివిడిగా మెయిల్స్ పెట్టడం ఇవాళే మానేయండి. ఒక్క పేజీలో రాయండి: పని ప్రాధాన్యం ఎవరు చెప్తారు, సెలవు ఎవరు ఇస్తారు, రేటింగ్ ఎవరిస్తారు, అందులో రెండో వాళ్ళ మాటకు విలువ ఎంత, రెండు పనులు ఒకేసారి మీద పడితే ఎవరిని అడగాలి. మీకు తెలిసినంత వరకు నింపి, మిగతావి ఖాళీగా వదిలి, ఒకే మెయిల్‌లో ఇద్దరికీ పంపి, అప్రైజల్‌కు కనీసం ఒక నెల ముందు ముగ్గురూ కూర్చునే కాల్ పెట్టించుకోండి. ఆ ఖాళీలను చూస్తే చాలు, వాళ్ళిద్దరూ ఇంతవరకు ఈ సంగతి మాట్లాడుకోలేదని వాళ్ళకే తెలుస్తుంది. ఇంకో మాట, ఇద్దరు బాసులతో అసలు ప్రమాదం ఇద్దరూ తిట్టడంలో లేదు, ఆ రెండోవాళ్ళు చూసుకుంటున్నారులే అని ఇద్దరూ వదిలేయడంలో ఉంది. దానికి ఒక బ్యాంకే బలైపోయింది, ఆ కథ చివరి జవాబులో చెప్తాను.

ప్రశ్న: నేను ఒక ఐటీ కంపెనీలో టీమ్ లీడ్‌ని. కస్టమర్ యూరప్‌లో ఉన్నారు. వారం వారం పంపే స్టేటస్ రిపోర్టులో అంతా గ్రీన్, అంటే పని సవ్యంగా ఉన్నట్టు. డెలివరీకి వారం ఉందనగా ఒక్కసారిగా రెడ్, అంటే గడువు తప్పేలా ఉన్నట్టు. రెండుసార్లు ఇలాగే జరిగింది. మీ మాట నమ్మలేమని కస్టమర్ మొహం మీదే అన్నారు. మా కుర్రాళ్ళు సమస్య ఉందని ముందే చెప్పరు, పీకల మీదికి వచ్చాక చెప్తారు. వాళ్ళను అనడం ఎందుకు, మా డైరెక్టర్‌కు రెడ్ అంటే పడదని నేను కూడా గ్రీన్ పెట్టిన వారాలున్నాయి. భారతీయులకు కాదని చెప్పడం రాదని కస్టమర్ అంటున్నారు, నిజమేనా?
— విశాఖపట్నం

జవాబు: నిజం కాదమ్మా. ఆ మాట మనసులోంచి తీసేయండి. పైవాళ్ళకు చెడ్డ కబురు చెప్పలేకపోవడం ఒక జాతికో దేశానికో ఉన్న జబ్బు కాదు. ముక్కుసూటిగా మాట్లాడతారని పేరున్న జర్మన్లు, ప్రతిదానికీ వాదనకు దిగుతారని పేరున్న ఫ్రెంచివాళ్ళు కలిసి పనిచేసిన చోట ఇదే జరిగింది, మన ప్రాజెక్టులు దాని ముందు ఏపాటి.

ఏ380 విమానం సంగతి చెప్తాను. ఎయిర్‌బస్ తయారుచేసిన రెండంతస్తుల పెద్ద విమానం. రెక్కలు బ్రిటన్‌లో, తోక భాగాలు స్పెయిన్‌లో, విమానం ఒంటి ముందు, వెనక భాగాలు జర్మనీలోని హాంబర్గ్‌లో తయారై, ఫ్రాన్స్‌లోని టులూజ్‌కు చేరేవి, కూర్పు అక్కడ. ఒక్కో విమానంలో దాదాపు 530 కిలోమీటర్ల వైరింగ్, లక్ష వరకు తీగలు, 40,000కు పైగా కనెక్టర్లు. హాంబర్గ్ నుంచి వచ్చిన భాగాల్లోని తీగల కట్టలను టులూజ్‌లో మిగతావాటితో కలపబోతే అందలేదు. పొడవు చాలలేదు. ఒక్కోచోట కొద్దిపాటి తేడాయే, కానీ వైరును లాగి అతికించడానికి అది ఇంటి ఫ్యాన్ కాదు కదా.

ఎందుకు చాలలేదంటే, జర్మనీ, స్పెయిన్ ఇంజనీర్లు క్యాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పాత వెర్షన్ 4 మీద, ఫ్రాన్స్, బ్రిటన్ వాళ్ళు కొత్త వెర్షన్ 5 మీద పనిచేశారు. తీగ ఎక్కడ ఎంత ఒంపు తిరుగుతుందనే లెక్క ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి సరిగ్గా వెళ్ళలేదు. పైగా బరువు తగ్గించడానికి కొన్నిచోట్ల రాగికి బదులు అల్యూమినియం తీగ వాడారు, దాన్ని రాగి అంత బిగుతుగా వంచలేం. వందల మంది జర్మన్ ఎలక్ట్రీషియన్లు టులూజ్‌కు వచ్చి మకాం వేసి, చేత్తో తీగలు పీకి మళ్ళీ వేసుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది.

ఇక్కడిదాకా ఇది సాఫ్ట్‌వేర్ కథ. అసలు కథ ఇది: రెండు చోట్లా వెర్షన్లు వేరని ఇంజనీర్లకు తెలియదా? తెలుసు. ఒకే సాఫ్ట్‌వేర్‌కు రమ్మని గట్టిగా చెప్పి ఒప్పించే అధికారం ఎవరికీ లేదు. ఎయిర్‌బస్ మాతృసంస్థ ఈఏడీఎస్‌కు అప్పట్లో ఇద్దరు సీఈవోలు, ఒకరు ఫ్రెంచి, ఒకరు జర్మన్. రెండు దేశాల ప్రతిష్ఠ, రెండు దేశాల ఉద్యోగాలు ప్రతి నిర్ణయంలోనూ అడ్డొచ్చేవి. హాంబర్గ్‌ది తప్పని టులూజ్ అంటే అది వైరింగ్ గొడవగా ఆగదు, దేశాల గొడవ అవుతుంది. అందుకని మధ్యలో ఉన్నవాళ్ళు సర్దుకుపోతూ వచ్చారు, సర్దుకోవడం సాధ్యం కానంత పెద్దదయ్యాక 2006 జూన్‌లో ఆలస్యం సంగతి బయటికి చెప్పారు. మర్నాడు ఈఏడీఎస్ షేరు పావు వంతుకు పైగా పడిపోయింది. జులై మొదట్లో ఫ్రెంచి సీఈవో నోయెల్ ఫోర్జార్, ఎయిర్‌బస్ అధిపతి గుస్తావ్ హుంబర్ట్ ఇద్దరూ రాజీనామా చేశారు. విమానం దాదాపు రెండేళ్ళు ఆలస్యమై, 2007 అక్టోబర్‌లో మొదటిది సింగపూర్ ఎయిర్‌లైన్స్ చేతికి వెళ్ళింది. లాభాల్లో దెబ్బ నాలుగేళ్ళలో 480 కోట్ల యూరోల వరకు ఉంటుందని కంపెనీయే అంచనా వేసింది. నాకు ఈ కథలో ఎప్పుడూ గుర్తుండేది ఆ ఎలక్ట్రీషియన్లే, తప్పు వాళ్ళది కాదు, సొంత ఊరు వదిలి నెలల తరబడి దాన్ని దిద్దింది మాత్రం వాళ్ళే.

కాబట్టి మీ కుర్రాళ్ళకు ధైర్యం లేదని అనుకోకండి, చెప్పినవాడికి ఏం జరుగుతుందో చూసి వాళ్ళు నేర్చుకున్నారు. రెడ్ పెట్టినవాడిని మీ డైరెక్టర్ గంటసేపు నిలదీసి, గ్రీన్ పెట్టినవాడిని పలకరించి వదిలేస్తే బుద్ధున్న ఎవడైనా గ్రీనే పెడతాడు.

దీనికి మందు ఏంటో తెలియాలంటే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వెళ్ళాలి. జనరల్ మోటార్స్‌కు అక్కడ ఒక కార్ల ఫ్యాక్టరీ ఉండేది, గొడవలకూ నాసిరకం కార్లకూ పేరు, 1982లో మూసేశారు. 1984లో టొయోటాతో కలిసి నుమ్మీ అనే పేరుతో మళ్ళీ తెరిచారు, చాలావరకు ఆ పాత కార్మికులనే తీసుకున్నారు, కొన్ని వందల మందిని శిక్షణకు జపాన్ పంపారు. పాత రోజుల్లో ఏం జరిగినా సరే లైన్ ఆగకూడదు, లోపమున్న కారు అలాగే ముందుకు పోవాలి, చివర్లో చూసుకుందాం అనేవాళ్ళు. కొత్త ఫ్యాక్టరీలో ప్రతి మనిషి తలమీదా ఒక తాడు. తేడా కనిపిస్తే లాగొచ్చు. లాగగానే గంట మోగి, టీమ్ లీడర్ పరిగెత్తుకుని వచ్చి, ఎందుకు లాగావని కాకుండా ఏం సాయం కావాలని అడిగేవాడు. ఆ ఇద్దరూ కలిసి ఆ కాసేపట్లో సరిచేయలేకపోతేనే లైన్ ఆగుతుంది. మనుషులు వాళ్ళే, ఫ్యాక్టరీ అదే, కార్ల నాణ్యత కొద్దికాలంలోనే ఎక్కడికో వెళ్ళిపోయింది. లాగినవాడి దగ్గరికి ఎవరు, ఏ మొహంతో వచ్చారు అన్నదే మొత్తం తేడా.

మీ దగ్గర ఇది ఎలా? రంగులు అడగడం తగ్గించండి. గ్రీనా రెడ్డా అని కాకుండా, డెలివరీ తప్పిపోతే దేనివల్ల తప్పొచ్చు అని ప్రతి వారం ఒక్కొక్కరినీ అడగండి, ఏమీ లేదంటే ఒప్పుకోకండి. ఎవరైనా మొదటిసారి ముందుగా చెప్పిన రోజున వాళ్ళ పని కొంచెం తేలిక చేయండి, ఒక మనిషిని ఇవ్వండి, ఒక మీటింగ్ తప్పించండి. టీమ్ అంతా అది చూడాలి. మీ డైరెక్టర్ సంగతి కష్టమే, ఆయన్ని మార్చడం మీ చేతిలో లేదు. కానీ కస్టమర్‌తో, రెండు వారాల ముందే ఒక ఇబ్బంది ఉంది, మేం ఇలా చూసుకుంటున్నాం అని మీరే ఒకసారి చెప్పి చూడండి. రెండు దెబ్బలు తిన్న కస్టమర్ ఆ మాటకే ఎదురుచూస్తూ ఉంటారు. వాళ్ళు దాన్ని మెచ్చుకుంటూ ఒక మెయిల్ రాస్తే, మీ డైరెక్టర్‌కు మీరు విడిగా చెప్పాల్సింది ఉండదు.

ప్రశ్న: కాల్స్ ఎప్పుడూ మాకు రాత్రి పూటే పడతాయి, కష్టంగా ఉంది. కాలిఫోర్నియా వాళ్ళకు పొద్దున్న 9, మాకు రాత్రి 10:30. చిన్న పిల్ల ఉంది. టైమ్ మార్చమని అడగొచ్చా?
— మియాపూర్

జవాబు: తప్పకుండా అడగండి. నెలలో రెండు వారాలు మనకు రాత్రి, రెండు వారాలు వాళ్ళకు రాత్రి అని వంతులు పెట్టుకునే టీములు ఉన్నాయి, వాళ్ళకు ఒక్కసారి రాత్రి కూర్చోవాల్సి వస్తే సగం కాల్స్ మెయిల్‌తో సరిపోతాయని వాళ్ళకే తడుతుంది. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారం ముందుకు జరుగుతుంది, అప్పుడు మీ 10:30 కాల్ 9:30కి వస్తుంది, నవంబర్ మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి. యూరప్ మార్చేది మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాల్లో. మూడు చోట్లా మనుషులుంటే మధ్యలో ఆ కొద్ది వారాలు క్యాలెండర్ అంతా కలగాపులగం అవుతుంది, ముందే చూసుకోండి.

ప్రశ్న: పెనుకొండ దగ్గర ఒక కొరియా విడిభాగాల కంపెనీలో లైన్ ఇన్‌ఛార్జిని. పైవాళ్ళంతా కొరియన్లే. మీటింగ్ అరగంట వాళ్ళ భాషలో జరుగుతుంది, ఇంటర్‌ప్రెటర్ చివర్లో రెండు ముక్కలు చెప్తాడు. మేం చెప్పింది అటు పూర్తిగా వెళ్తుందో లేదో తెలియదు. మనవాళ్ళను ఎందుకు పెద్ద పోస్టుల్లో పెట్టరు?
— పెనుకొండ

జవాబు: ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరి, 2019లో కార్లు రావడం మొదలైంది, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో కట్టారు. కారు కంపెనీ వెనకే దానికి సామాను ఇచ్చే కంపెనీలూ వచ్చాయి, మీది అలాంటిదే అనుకుంటాను. కొత్త దేశంలో వందల కోట్లు పెట్టిన కంపెనీ మొదటి ఏళ్ళలో తన మనుషులనే పైన కూర్చోబెట్టడం కొరియా అలవాటు మాత్రమే కాదు, జపాన్, జర్మనీ కంపెనీలూ చేశాయి. రూల్‌బుక్‌లో రాయలేని పని పద్ధతి ఆ మనుషుల చేతుల్లో ఉంటుంది, హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే ఎవరితో మాట్లాడాలో వాళ్ళకు తెలుస్తుంది. అది నియంత్రణకు పనికొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ కాలం గడిచే కొద్దీ నష్టం ఎక్కువ, లైన్ మీద ఏం జరుగుతోందో తెలిసిన మీ మాట మధ్యలో ఒక్క మనిషి నోటిమీద ఆధారపడుతుంది. ఆ ఇంటర్‌ప్రెటర్ చెడ్డవాడు కానక్కర్లేదు, పెద్దాయనకు కోపం వచ్చే మాటను కాస్త మెత్తగా చెప్పి ఉంటాడు, అంతే, విషయం పోతుంది.

జపాన్‌లో రకుటెన్ అనే కంపెనీ దీనికి వేరే దారి పట్టింది. దాని అధిపతి హిరోషి మికితాని 2010లో ఇకపై ఆఫీసు భాష ఇంగ్లీషు అని ప్రకటించి రెండేళ్ళు గడువిచ్చాడు, పరీక్షలో మార్కులు రాకపోతే ప్రమోషన్ ఆగుతుందన్నాడు. జపాన్ ఉద్యోగులు నానా అవస్థ పడ్డారు. మీ కంపెనీ అంత దూరం పోతుందని నేను ఆశపెట్టను.

మీరు చేయగలిగినవి చూద్దాం. మీటింగ్‌లో మాటలు తగ్గించి ఫోటో, అంకె, బోర్డు మీద బొమ్మ చూపించండి. 12 పీసుల్లో 3 పీసులకు ఇక్కడ బర్ (అంచున మిగిలే లోహపు ముక్క) వస్తోందని పీసు బల్లమీద పెడితే దాన్ని ఏ ఇంటర్‌ప్రెటర్ మెత్తగా చేయలేడు. మీటింగ్ అయ్యాక తేలినవి మూడు నాలుగు వాక్యాల్లో ఇంగ్లీషులో రాసి గ్రూపులో పెట్టండి, తప్పుంటే వాళ్ళే దిద్దుతారు. కొరియా కంపెనీల్లో కాగితం ఒక్కో మెట్టూ ఎక్కుతుంది, డేరి, గ్వాజాంగ్, చాజాంగ్, బుజాంగ్ అని వరస. మధ్య మెట్టు దాటి నేరుగా పైకి వెళ్తే ఆ మధ్య మనిషి మాట పడాల్సి వస్తుంది, మీ మీద కోపం ఉండిపోతుంది. ముందు అతన్ని ఒప్పించండి, తర్వాత మీ మాటను అతనే మోస్తాడు. ఇంకా, వాళ్ళ హంగుల్ లిపి నేర్చుకోవడం చాలా తేలిక, మన అక్షరాలతో పోలిస్తే గుప్పెడే. డ్రాయింగ్ మీద, డబ్బా మీద ఉన్నది చదవగలిగితే చాలు, ఫ్యాక్టరీలో మీతో మాట్లాడే తీరు మారుతుంది.

ప్రశ్న: పాశమైలారం వైపు ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో ఉన్నాను. అమెరికాకు వెళ్ళే మందు. రిజల్ట్ లిమిట్ దాటితే, ఆ రన్ (ఆ పరీక్ష) పక్కన పెట్టి శాంపిల్ మళ్ళీ మెషిన్‌లో ఇంజెక్ట్ చెయ్ అంటారు మా సీనియర్. ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) ఆడిట్ వస్తుందంటే అందరికీ టెన్షన్. ఎక్కడో అమెరికాలో ఉన్నవాళ్ళకు మా ల్యాబ్ మీద ఇంత పట్టు ఎందుకు?
— సంగారెడ్డి జిల్లా

జవాబు: ఆ మాత్ర మింగేది అక్కడ ఎవరో తల్లి, ఎవరో పిల్లవాడు, వాళ్ళు మీ ల్యాబ్‌కు వచ్చి చూడలేరు కాబట్టి. వాళ్ళ తరఫున చూసే కన్ను మీరు రాసే రికార్డు ఒక్కటే. రాయనిది జరగనట్టే అని మీ ల్యాబ్‌లో రోజూ అనుకునే మాట, దాని అవతలి వైపు కూడా అంతే నిజం, జరిగిందాన్ని చెరిపేస్తే మందే అబద్ధం అవుతుంది.

2015 నవంబర్‌లో డాక్టర్ రెడ్డీస్‌కు శ్రీకాకుళం, మిర్యాలగూడ, దువ్వాడ యూనిట్ల విషయంలో ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్ ఇచ్చింది, హైదరాబాద్‌లో దాని గురించి చాలాకాలం మాట్లాడుకున్నారు. అంతకంటే పెద్ద పాఠం రాన్‌బాక్సీది. ఆ కంపెనీలో పనిచేసిన దినేశ్ ఠాకూర్ అనే ఇంజనీరు పరీక్షల లెక్కలు తారుమారయ్యాయని గమనించి, లోపల చెప్పి చూసి ఫలితం లేక ఉద్యోగం వదిలి, 2005లో ఎఫ్‌డీఏకు తెలియజేశాడు. 2008లో జపాన్ కంపెనీ దైచీ సాంక్యో రాన్‌బాక్సీని కొనుక్కుంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో పాంవటా సాహిబ్, దేవాస్ యూనిట్ల నుంచి 30కి పైగా మందులను అమెరికా ఆపేసింది. 2013 మేలో రాన్‌బాక్సీ అమెరికాలో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టింది. అసలు సంగతులు మా దగ్గర దాచి అమ్మారని జపాన్ కంపెనీ పాత యజమానుల మీద సింగపూర్‌లో ఆర్బిట్రేషన్‌కు వెళ్ళి 2016లో గెలిచింది. ల్యాబ్‌లో ఒక బెంచి దగ్గర అణిగిపోయిన మాట మూడు దేశాలు తిరిగింది.

మీ విషయానికి వస్తే, మీ లాగిన్, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి, రెండు నిమిషాలకైనా సరే. మళ్ళీ ఇంజెక్ట్ చేయమంటే ఓఓఎస్ (లిమిట్ దాటిన ఫలితం మీద విచారణ) తెరిచి చేద్దాం సార్, నంబర్ ఇవ్వండి అనండి. హెచ్‌పీఎల్‌సీ మెషిన్ తనంతట తానే దాచుకునే ఆడిట్ ట్రయల్ రికార్డులో మొదటి రన్ ఎలాగూ ఉంటుంది, దాన్ని పక్కన పెట్టిన పేరు మాత్రం మీదవుతుంది, ఆయనది కాదు. లిమిట్ దాటడం తప్పు కాదు, దానికి కారణం వెతికే పద్ధతి కోసమే ఓఓఎస్ ఉంది. నాణ్యత బాధ్యత చూసే క్యూఏ హెడ్‌కు రాతపూర్వకంగా చెప్పండి, కాపీ దగ్గర పెట్టుకోండి. అయినా మారకపోతే వేరే ఉద్యోగం చూసుకోండి, ఈ విషయంలో సర్దుకుపొమ్మని నేను చెప్పలేను.

ప్రశ్న: గుంటూరులో మాది మిర్చి ఎగుమతి వ్యాపారం, ఎక్కువగా తేజ రకం. నిరుడు దుబాయ్‌లో ఆఫీసు, చిన్న గోడౌన్ పెట్టాం. మా బావమరిది చూసుకుంటున్నాడు, నమ్మకస్తుడే. ఆర్డర్లు, వసూళ్ళు, బ్యాంకు, లెక్కలు అన్నీ తనే. నెలకోసారి వాట్సాప్‌లో ఎక్సెల్ పంపుతాడు. ఈమధ్య డబ్బు ఇంకా పంపమని అడుగుతున్నాడు, అమ్మకాలు బాగున్నాయంటున్నాడు. అడిగితే అనుమానించినట్టు ఉంటుంది, ఇంట్లో గొడవ. ఎలా?
— గుంటూరు

జవాబు: అమ్మకాలు బాగున్నాయి, లాభం వస్తోంది, కానీ డబ్బు ఇక్కడి నుంచి అక్కడికి పోతోంది. బేరింగ్స్ బ్యాంకు లండన్ ఆఫీసు కూడా సరిగ్గా ఇదే చూసింది. 1762 నుంచి నడిచిన బ్యాంకు అది. సింగపూర్ ఆఫీసులో నిక్ లీసన్ అనే కుర్రాడు బ్యాంకు తరఫున జపాన్ షేర్ మార్కెట్ మీద కొనుగోళ్ళు, అమ్మకాలు చేసేవాడు, వాటి లెక్కలు చూసే విభాగానికీ అతనే అధిపతి. కొత్తగా చేరిన ఒకరు చేసిన చిన్న పొరపాటును దాచడానికి 1992లో 88888 అనే ఖాతా మొదలైందని తర్వాత అతనే చెప్పాడు. పైకి లాభాలు చూపిస్తూ నష్టాలు దాంట్లో వేసుకుంటూ పోయాడు, లండన్ నుంచి డబ్బు అడుగుతూ పోయాడు, వాళ్ళు దేనికని తేల్చుకోకుండా వందల మిలియన్ల పౌండ్లు పంపుతూ పోయారు. రెండు పనులూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి, విడదీయండి అని 1994లో బ్యాంకు సొంత ఆడిటర్లే రాశారు. అమలు కాలేదు. లండన్‌లో అతని పైవాళ్ళు సింగపూర్ వాళ్ళు చూస్తున్నారనుకున్నారు, సింగపూర్ వాళ్ళు లండన్ చూస్తోందనుకున్నారు. 1995 జనవరిలో కోబే భూకంపంతో జపాన్ మార్కెట్ పడింది, ఫిబ్రవరి చివరికి నష్టం 82.7 కోట్ల పౌండ్లు, బ్యాంకు మునిగింది. డచ్ కంపెనీ ఐఎన్‌జీ దాన్ని ఒక్క పౌండుకు కొనుక్కుంది.

మీ బావమరిది అలాంటివాడని నేను అనడం లేదు. కానీ ఆ నాలుగు పనులూ ఒక్కరి మీద పెట్టడం అతనికీ అన్యాయమే. రేపు ఒక పార్టీ డబ్బు ఎగ్గొట్టినా, సరుకు తేమ పట్టి పాడైనా, అతను మీకు చెప్పాలంటే బావ ముందు తలదించుకోవాలి, అక్క ముందు తలదించుకోవాలి. ఈ నెల కప్పేసి వచ్చే నెల పూడ్చుకుందాం అనిపించడం మనిషికి సహజం. కాబట్టి డబ్బు సంగతి ఎత్తే ముందు ఇది చెప్పండి: ఏ పార్టీకి ఎంతవరకు అప్పు ఇవ్వొచ్చో మనం కలిసి రాసుకుందాం, ఆ లోపల డబ్బు పోతే నష్టం ఇద్దరిదీ, నిన్ను అడగను, అది దాటేముందు మాత్రం ఫోన్ చెయ్.

ఆ తర్వాత, బ్యాంకు స్టేట్‌మెంట్ ఎక్సెల్‌లో అతను పంపింది కాదు, బ్యాంకు నుంచి నేరుగా మీ మెయిల్‌కు రావాలి. ఇది చిన్న విషయం అనుకోకండి. సత్యంలో 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరంతో బయటపడిన 5,040 కోట్ల లేని నగదు, బ్యాంకుల నుంచి నేరుగా నిర్ధారణ తీసుకుని ఉంటే అన్నేళ్ళు లెక్కల్లో కూర్చునేది కాదు, పేరున్న ఆడిటర్లు కూడా కంపెనీ చేతిమీదుగా వచ్చిన కాగితాలను నమ్మారు. ఒక పరిమితి దాటిన చెల్లింపుకు మీ రెండో అనుమతి ఉండేలా బ్యాంకులో పెట్టించండి, అక్కడి బ్యాంకుల్లోనూ అది మామూలే. లెక్కలు రాసే పని దుబాయ్‌లోనే బయటి అకౌంటింగ్ ఆఫీసుకు ఇవ్వండి. మూడు నెలలకోసారి పెద్ద పార్టీలకు మీరే ఫోన్ చేసి, సరుకు ఎలా ఉందని మాట్లాడుతూ బాకీ ఎంతో ఒక మాట అడగండి, వ్యాపారంలో అది మర్యాదే. గోడౌన్ బస్తాలు లెక్కపెట్టడానికి ఏడాదికి రెండుసార్లు ఇక్కడి నుంచి మనిషిని పంపండి, ముందు రోజు మాత్రమే చెప్పి.

ఇంట్లో గొడవ రాకుండా ఇదంతా ఎలా అంటారా? విదేశంలో పెట్టుబడి పెట్టిన కంపెనీ ప్రతి ఏటా డిసెంబర్ 31లోగా తన బ్యాంకు ద్వారా రిజర్వ్ బ్యాంకుకు ఆ విదేశీ సంస్థ పనితీరు రిపోర్టు ఇవ్వాలి. మీ ఆఫీసు ఏ రూపంలో పెట్టారో చూసి, అది మీకు ఎలా వర్తిస్తుందో మీ సీఏను అడగండి, కాగితాలు ఆయన పేరు మీదే అడిగించండి. అతన్ని ప్రతి సంక్రాంతికీ రెండు వారాలు ఇంటికి రమ్మనండి. బ్యాంకుల్లో కీలకమైన పనులు చూసేవాళ్ళను ఏడాదికోసారి తప్పనిసరిగా సెలవు మీద పంపే పద్ధతి ఉంది, ఆ రోజుల్లో ఫోన్లు, మెయిల్స్ వేరేవాళ్ళు తీసుకుంటారు కాబట్టి. ఆ రెండు వారాలు మీ పెద్ద గుమస్తా దుబాయ్‌లో కూర్చోవాలి. డబ్బు ఇంకా పంపమన్న మాటకు మాత్రం, గత ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ మీ చేతికి వచ్చేదాకా ఆగమనండి.